రాగిజావపై పిల్లల తీర్పు: ఒక్కరోజు మార్కు చాలదు

చిరుధాన్యాల వంటకాల రుచిని అంచనా వేయుటకు పరిశోధనాలయాలలో తొమ్మిది పాయింట్ల హెడోనిక్ స్కేలును వాడుతారు. అమెరికా సైనికుల ఆహారాభిరుచుల కొరకు రూపొందిన ఈ కొలమానం పెద్దలకు సరిపోతుంది. అక్షరాలు రాని అంగన్‌వాడీ పిల్లలకు నవ్వు, ఏడుపు ముఖాల బొమ్మలే తగినవి. అయితే అసలు చిక్కు స్కేలుతో కాదు, ఒక్కసారి రుచి చూపి తీర్పు రాసుకొనుటతోనే. రెండు నుండి ఆరేళ్ల ప్రాయంలో కొత్త ఆహారమంటే వెరపు సహజం. బలవంతం లేకుండా, చెంచాడు చొప్పున, తరచుగా 8 నుండి 15 సార్లు రుచి చూపిన పిదపనే ఇష్టం ఏర్పడుతుందని అధ్యయనాలు తెలుపుతున్నాయి. 100 గ్రాములలో 340 మి.గ్రా. పైగా కాల్షియం గల రాగిని, రంగు చూసి తొలిరోజే ముఖం తిప్పుకొన్న పిల్లల మార్కులతో పక్కన పెట్టుట తొందరపాటు. తొలిరోజు మార్కు చెంతనే పదవరోజు మార్కునూ నమోదు చేయాలి. పక్కవారిని చూసి బొమ్మకు గుర్తు పెట్టుట పిల్లలకు అలవాటు గనుక ఒక్కొక్కరినీ విడిగా అడగాలి.