రాస్ప్‌బెర్రీ మొక్క ఆర్డర్ పెడుతున్నారా? పాలమూరు, నల్గొండ పెరట్లో కాసే ‘బెర్రీ’ వేరే ఉంది.. కత్తెర ఎప్పుడు వేయాలంటే!

ఎర్రగా నిగనిగలాడే రాస్ప్‌బెర్రీలు.. నల్లగా మెరిసే బ్లాక్‌బెర్రీలు.. ఫోన్‌లో వీడియో చూడగానే పెరట్లో ఓ మొక్క పెడితే బాగుండు అనిపిస్తుంది. ఆర్డర్ పెడితే నాలుగైదు రోజుల్లో ఇంటికే వచ్చేస్తుంది కూడా. వానాకాలంలో నాటితే చిగుర్లు కూడా వేస్తుంది. కానీ ఏడాది గడిచినా, రెండేళ్లు గడిచినా పూత మాత్రం కనిపించదు. ఎండాకాలం వస్తే ఆకులు అంచుల నుంచి మాడిపోతాయి. తప్పు నాటినవాళ్లది కాదు, నీళ్లది అంతకన్నా కాదు. ఆ మొక్క పుట్టిన చలి వేరు, మన దగ్గరి చలి వేరు. అందులోనూ అలాంటి పండే, అదే తరహా కత్తిరింపుతో కాసే చెట్టు పాలమూరు గుట్టల మీదే ఉండగా ఎక్కడిదో తెచ్చి పెట్టుకోవడం ఎందుకన్నది అసలు ప్రశ్న.

చలి గంటలే అసలు అడ్డంకి

రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ రెండూ గులాబీ కుటుంబానికి చెందిన ముళ్ల పొదలు. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతాయి. ఆ నిద్ర సరిపోతేనే ఎండ తగలగానే మొగ్గ మేల్కొంటుంది, పూత వస్తుంది. నిద్రకు ఓ లెక్క ఉంది. చాలా రాస్ప్‌బెర్రీ రకాలకు 7 డిగ్రీల లోపు చలి 800 గంటలకు పైగా కావాలి. అంటే రాత్రీ పగలూ కలిపి నెల రోజులకు పైమాటే. బ్లాక్‌బెర్రీల్లో కొన్ని రకాలు రెండు మూడు వందల గంటలతో సరిపెట్టుకుంటాయి.

మరి మన దగ్గర? మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. నల్గొండ ఇంకాస్త కిందే. సంక్రాంతి ముందు తెల్లవారుజామున వణికించినా, పది గంటలకల్లా ఎండ చురుక్కుమంటుంది. 7 డిగ్రీల కిందకు దిగే గంటలు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. ఆ తర్వాత మే నెలలో 43, 44 డిగ్రీలు. దానికి తోడు ఈ మొక్కలు కాస్త పులుపు గుణం ఉన్న నేలను కోరుకుంటాయి. నల్గొండలో చాలాచోట్ల బోరు నీళ్లు పోస్తే కుండీ అంచుకు తెల్లటి పొర కట్టేస్తుంది. ఇంక ఆ మొక్క ఎలా బతకాలి?

మహాబలేశ్వర్‌లో రాస్ప్‌బెర్రీలు అమ్ముతారు కదా అని కొందరికి అనుమానం. అది సుమారు 1,350 మీటర్ల ఎత్తులో ఉన్న కొండ ఊరు. అక్కడి వేసవి వేరు. చలి పెద్దగా అక్కర్లేని ‘మైసూర్ రాస్ప్‌బెర్రీ’ అనే దేశవాళీ జాతి ఒకటుంది. పట్టుదల ఉన్నవాళ్లు షేడ్‌నెట్ కింద దాన్ని పెట్టి చూడొచ్చు. అయితే ఒక్క మొక్క కోసం అంత హంగామా దండగే.

కొనేముందు ఆకు చూడండి

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. నేరేడు పండును కూడా ఇంగ్లిష్‌లో కొందరు బ్లాక్‌బెర్రీ అనేస్తుంటారు. మల్బరీ కాయ చూడ్డానికి అచ్చం బ్లాక్‌బెర్రీలాగే ఉంటుంది. కాబట్టి పేరు చూసి డబ్బు పెట్టకూడదు. అసలైన రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ ఆకు ఒక్కటిగా ఉండదు. ఒకే కాడకు మూడో ఐదో చిన్న ఆకులు కలిసి ఉంటాయి. ముళ్లు లేని రకాలు కొన్ని ఉన్నా, మామూలుగా కొమ్మ మీద సన్నని ముళ్లు కనిపిస్తాయి. మల్బరీకి ముల్లు ఉండదు, కాడకు ఒకే ఆకు. దారి పక్కన ఆగి మొక్క కొనేవాళ్లకు ఈ చిన్న గుర్తు చాలు.

ఏ కొమ్మకు కాస్తుందో తెలిస్తేనే కత్తెర

రాస్ప్‌బెర్రీ పండించే దేశాల్లో పెరటి తోటవాళ్లు మొదట నేర్చుకునేది ఒకటే విషయం. వేరు ఏళ్ల తరబడి బతుకుతుంది కానీ, పైకొచ్చిన కాడ ఆయుష్షు రెండేళ్లే. మొదటి ఏడాది అది ఊరికే పెరుగుతుంది. రెండో ఏడాది కాసి ఎండిపోతుంది. కాసిన కాడను మొదలుకంటా కోసేసి, కొత్త కాడను ఉంచాలి. ఇది తెలియక చలికాలంలో అన్నింటినీ నేలమట్టం చేస్తే మామూలు రకాల్లో ఆ ఏడాది పంట పోయినట్టే. మొదటి ఏడాదే కాడ చివర కాసే రకాలు వేరే ఉన్నాయి, వాటికి ఆ బెంగ లేదు.

ఈ సూత్రం మన పెరటికీ వర్తిస్తుంది. పాత కొమ్మకు కాసే చెట్టా, కొత్త చిగురుకు కాసే చెట్టా అన్నది తెలియకుండా కత్తెర పట్టుకోవడం వల్లే చాలా ఇళ్లల్లో సీతాఫలం చెట్టు ఆకులతో కళకళలాడుతూ కాయలు లేకుండా నిలబడుతోంది. ‘గొడ్డు చెట్టు’ అని పేరు పెట్టి కొట్టేయడం తర్వాతి మెట్టు. ఆ చెట్టు గొడ్డుది కాదు, కత్తెర వేళ తప్పిందంతే.

సీతాఫలం కూడా అలాంటి పండే!

వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. రాస్ప్‌బెర్రీ మీద కనిపించే ఒక్కో చిన్న గింజలాంటి ముత్యం ఒక్కో బుల్లి పండు. ఒకే పువ్వులోని చాలా అండకోశాలు విడివిడిగా ఎదిగి ఒకే పండుగా అతుక్కుంటాయి. సీతాఫలం మీద కనిపించే ఒక్కో ‘కన్ను’ కూడా అంతే. పువ్వులో ఎన్ని భాగాలకు పుప్పొడి అందితే అన్ని కండ్లు నిండుగా ఎదుగుతాయి. ఒక పక్కకు అందకపోతే కాయ ఆ పక్కన నొక్కుకుపోయి వంకర తిరుగుతుంది. మందు కొట్టాలా, ఎరువు తక్కువైందా అని తల పట్టుకోనక్కర్లేదు.

ఈ పండుకు పాలమూరుకు ఉన్న బంధం పేరులోనే ఉంది. ఉద్యాన పుస్తకాల్లో దేశమంతా చదివే ‘బాలానగర్’ రకం మన మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరుతోనే ప్రసిద్ధి. దసరా ముందు నుంచి దీపావళి దాకా 44వ నంబర్ జాతీయ రహదారి మీద షాద్‌నగర్ దాటి జడ్చర్ల వైపు వెళ్తుంటే గంపలు పెట్టుకుని కూర్చున్న మహిళలు కనిపిస్తారు. ఆ పండ్లలో చాలావరకు ఎవరూ నాటని గుట్టల మీద చెట్లవే. మేకలు, పశువులు ఈ ఆకు ముట్టవు కాబట్టి గుట్ట మీద కంచె లేకుండానే బతికింది. కట్టెల కోసం కొట్టేసినా మోడు నుంచి మళ్లీ చిగురేస్తుంది. ఇప్పుడు గుట్టలను ప్లాట్లు, మొరం తవ్వకాలు తినేస్తుంటే, నాటు సీతాఫలం మిగిలే చోటు ఇంటి పెరడే అవుతోంది.

కత్తిరింపు ఎప్పుడు.. ఎంత?

సీతాఫలం పూత ఎక్కువగా ఆ ఏడాది వచ్చిన కొత్త చిగుళ్ల మీద వస్తుంది. కొత్త చిగురు రావాలంటే ఆకు రాలాలి. ఇక్కడో తమాషా ఉంది. సీతాఫలంలో మొగ్గ బయటకు కనిపించదు. ఆకు కాడ మొదట్లో, తొడుగు లోపల దాక్కుని ఉంటుంది. ఆకు రాలితే గానీ అది బయటపడదు. అందుకే చలికాలంలో నీళ్లు పోస్తూ ఆకును పచ్చగా కాపాడితే చెట్టుకు మేలు చేసినట్టు కాదు. దీపావళి తర్వాత కాయలు అయిపోగానే నీళ్లు తగ్గించేయాలి. మాఘమాసానికి చెట్టు పసుపెక్కి, ఆకు రాల్చి బోడిగా నిలబడుతుంది. చూసి ఎండిపోయిందని భయపడి కొందరు బిందెలకొద్దీ నీళ్లు పోస్తుంటారు. పోయకూడదు.

ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి మధ్య, చిగురు కదలకముందు సికేచర్ పట్టుకోవాలి. ముందుగా ఎండు కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు, మొదట్లో నేల నుంచి లేచిన పిలకలు తీసేయాలి. ఆ తర్వాత నిరుడు పెరిగిన కొమ్మలను చివరి నుంచి సుమారు మూడో వంతు తగ్గించాలి. కోత మొగ్గకు కాస్త పైన, ఏటవాలుగా పడాలి. మొగ్గ బయటి వైపు చూస్తుంటే చిగురు కూడా బయటికే పోతుంది, చెట్టు మధ్యలో వెలుతురు పడుతుంది. ఎక్కువ కోస్తే ఎక్కువ కాస్తుందన్నది మాత్రం అపోహ. మరీ మొద్దు చేస్తే చెట్టు బలమంతా కర్రగా, ఆకుగా పోతుంది, పూత తగ్గుతుంది.

ఎన్నో ఏళ్లుగా ముట్టని పెద్ద చెట్టయితే ఒకేసారి కొట్టేయొద్దు. ఈ ఏడాది సగం పెద్ద కొమ్మలు, వచ్చే ఏడాది మిగతా సగం. నిచ్చెన లేకుండా చేతికి అందే ఎత్తులో చెట్టు ఉంటే తర్వాత చెప్పబోయే పూల పని కూడా సులువవుతుంది.

లావాటి కోతలకు బోర్డో పేస్ట్ పూయాలి. ఇంటికి సరిపడా అంటే 100 గ్రాముల మైలుతుత్తం సగం లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం ఇంకో సగం లీటరులో విడివిడిగా కరిగించి కలపాలి. ప్లాస్టిక్ బకెట్టో మట్టి కుండో వాడాలి, ఇనప గిన్నె పనికిరాదు. చేతికి గ్లౌజులు ఉండాలి. కలిపింది అదే రోజు వాడేయాలి.

కత్తిరింపు అయ్యాక పాదు తవ్వి రెండు గంపల పశువుల ఎరువు వేసి నీళ్లు మొదలుపెడితే సరి. పది, పదిహేను రోజుల్లో లేత చిగుర్లు, వాటి వెంటే ఆకుపచ్చ మొగ్గలు కనిపిస్తాయి. ఈ పని జూన్, జూలైలో చేశారో.. పూతనే కోసేసినట్టు. వానాకాలం వచ్చింది కదా అని పెరడు శుభ్రం చేసేవాళ్లు ఎక్కువగా చేసేది ఇదే.

పూత రాలుతోందా? బ్రష్‌తో పని

ఏప్రిల్, మే ఎండలకు వచ్చిన పూత చాలావరకు రాలిపోతుంది. దానికి కంగారు అక్కర్లేదు. సీతాఫలం పువ్వు ముందు ఆడ పువ్వుగా ఉండి, తర్వాత మగ పువ్వుగా మారుతుంది. తన పుప్పొడి తనకు పనికొచ్చే వేళకు అందదు. చిన్న పెంకు పురుగులు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు మోసుకెళ్లాలి. పొడి గాలికి పువ్వు లోపలి జిగురు ఆరిపోతే ఆ పుప్పొడి అంటదు. తొలకరి పడి గాలిలో తేమ వచ్చాక నిలిచిన పూతే మనకు పండయ్యేది.

పెరట్లో ఒకటి రెండు చెట్లే ఉన్నవాళ్లు చేత్తోనే ఈ పని చేయొచ్చు. సాయంత్రం రెక్కలు బాగా విచ్చుకున్న పూలను కోసి కాగితం కవర్లో ఉంచాలి. పొద్దున్నే వాటిని దులిపితే పొడి రాలుతుంది. పిల్లల రంగుల బ్రష్ తీసుకుని, అప్పుడే రెక్కలు కొద్దిగా విడి, లోపల జిగురుగా మెరుస్తున్న పువ్వులో ఆ పొడిని చుట్టూ తిప్పుతూ అద్దాలి. ఒక పక్కే అద్దితే కాయ వంకర వస్తుందని గుర్తుంచుకుంటే చాలు. ఎండెక్కకముందే, తొమ్మిదిలోపు పని ముగించాలి. నిలిచిన పువ్వు పండవడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది.

ఆగస్టు తర్వాత కాయల సందుల్లో తెల్లటి దూదిలా కనిపించేది పిండినల్లి. దాన్ని పైకి మోసేవి చీమలే. మొదలు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కట్టి, దానిపై గ్రీజు పూస్తే చీమలు ఎక్కవు. అప్పటికే పట్టిన చోట లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టాలి.

కొత్తగా పెట్టేవాళ్ల కోసం..

గింజ నుంచి పెరిగిన చెట్టు మూడు, నాలుగేళ్లకు కాస్తుంది. అంటు మొక్క కాస్త ముందే కాస్తుంది. గింజలు తక్కువ, గుజ్జు ఎక్కువ కావాలంటే బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన ‘అర్క సహన్’ ఉంది. రుచి మాటకొస్తే బాలానగర్ నాటు పండు వాసన వేరు. మేడ మీద అయితే సగానికి కోసిన డ్రమ్ము సరిపోతుంది, నీళ్లు మాత్రం నిలవకూడదు. ఎర్ర చల్క నేల దీనికి బాగా నప్పుతుంది. సలహా కావాలంటే నల్గొండవాళ్లకు కంపాసాగర్‌లో, నాగర్‌కర్నూల్ వైపువాళ్లకు పాలెంలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. రామాఫలం ఇదే కుటుంబమే అయినా దాని పండ్లు చలికాలం చివర, వేసవి మొదట్లో వస్తాయి కాబట్టి ఈ క్యాలెండర్ దానికి సరిపోదు.

అచ్చంగా బెర్రీయే కావాలని పిల్లలు పట్టుబడితే మల్బరీ పెట్టొచ్చు. పెన్సిల్ లావు కొమ్మను మూడు, నాలుగు కణుపులతో కోసి తడి మట్టిలో గుచ్చితే వేరు పడుతుంది. కొమ్మలు కత్తిరించి మిగిలిన ఆకులు దూసేసిన ప్రతిసారీ కొత్త చిగురుతో పాటే కాయలు వస్తాయి. గచ్చు మీద రాలితే మరక పోదు కాబట్టి గోడ పక్కన, మట్టి నేల మీద పెట్టడం మేలు.

సీతాఫలం కోతకు వచ్చిందని ఎలా తెలుస్తుందంటే.. కండ్ల మధ్య గీతలు వెడల్పై తెల్లగా, పసుపుగా మారతాయి. అప్పుడు కోసి వరిగడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెడితే మూడు, నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది. గింజలను నూరి పేలకు తలకు పట్టించే పాత అలవాటు మాత్రం వద్దు. ఆ పొడి కంట్లో పడితే కనుపాప పైపొర దెబ్బతింటుంది. కోతలు అయ్యాక చెట్టు మీద నల్లగా ఎండి వేలాడే కాయలు మిగిలితే తెంపి కాల్చేయాలి. తెగులు మరుసటి ఏడాది దాకా అందులోనే దాగుంటుంది.