పూలవెంట కొరియా

కొరియా దేశమున వసంతము దక్షిణపు సముద్రపుటొడ్డున మొదలిడి మెల్లగా ఉత్తరమునకు నడచును. మార్చి నెల చివర బుసాను రేవులో చెఱ్ఱీచెట్లు పూచును. సియోలు నగరపు చెట్లు మొగ్గ విచ్చుటకు మఱి యొక వారమో పది దినములో పట్టును. 2024వ సంవత్సరమున మా అత్తగారును నేనును ఈ పూలవెంటనే నడువవలెనని తలచి బయలుదేఱితిమి. మాకు మూడు వారముల తీఱిక గలదు. చూడదలచినవి నాలుగే ఊళ్ళు. అంత దూరము పోయి నాలుగూళ్ళు చూచి వత్తురా యని చుట్టములు నవ్విరి. ఆఱు దినములలో అయిదు దేశములు చుట్టివచ్చి, ఏ ఊర నేమి తింటిరని యడిగిన తెల్లబోవువారిని నేనెఱుగుదును గనుక ఆ నవ్వు నన్ను బాధింపలేదు.

నన్ను బాధించుచున్న సంగతి వేఱొకటి. అత్తగారికి 68 ఏండ్లు. మామగారు పోయిన రెండేండ్లుగా ఆమె ఆవకాయ పెట్టుట మానివేసిరి. "తినువారెవ్వరు? అంగడిలో సీసాలు దొరకుచునే యున్నవి గదా" యనెడివారు. ఆ మాట యనునపుడు ఆమె ముఖము చూచినవారికి, అది ఆవకాయ సంగతి మాత్రమే కాదని తెలియును. ఈ ప్రయాణమునకు ఆమెను ఒప్పించుటకే నాకు రెండు నెలలు పట్టినది. ఆమె మాంసము, చేప, గ్రుడ్డు ముట్టరు. అందుచే దారిబత్తెముగా నేనును అంగడిలోనే ఒక ఆవకాయ సీసా కొని పెట్టెలో నుంచితిని.

బుసానులో రెండు దినములు విశ్రమించి, ప్రక్కనే యున్న గిమ్హే పట్టణమునకు చిన్నరైలులో పోయితిమి. అక్కడ పచ్చిక గప్పిన పెద్ద దిబ్బ యొకటి గలదు. అది హో హ్వాంగోక్ రాణి సమాధి. 13వ శతాబ్దమున ఇర్యోను అను బౌద్ధభిక్షువు కూర్చిన 'సంగుక్ యూసా' అను గ్రంథమున ఆమె కథ యున్నది. క్రీ.శ. 48లో 'అయుత' దేశపు రాజకుమారి, 16 ఏండ్ల ప్రాయమున, ఓడనెక్కి వచ్చి సూరో రాజును పెండ్లాడెనట. అయుత యనగా మన అయోధ్యయే యని నమ్మువారు పలువురు. 2001లో అయోధ్యలో ఆమెకు స్మారకమును గూడ నిలిపిరి. కాని ఆ గ్రంథము పుట్టినది ఆమె వచ్చెనని చెప్పు కాలమునకు 1,200 ఏండ్ల తరువాత. కావున చరిత్రకారులు దీనిని చరిత్రయని యొప్పుకొనుటకు జంకుదురు. గిమ్హే కిమ్ వంశమువారును హో వంశమువారును మాత్రము తాము ఆ తల్లి బిడ్డలమేయని చెప్పుకొందురు. ఒకే రక్తమని తమలో తాము పెండ్లిండ్లు చేసికొనకుండుట వారి ఆచారము.

సమాధి చెంత చిన్న మంటపము క్రింద అరిగిపోయిన ఎఱ్ఱచాయ రాళ్ళు ఒకదానిపై నొకటి పేర్చియున్నవి. సముద్రము శాంతించుటకై రాణి ఓడలో తెచ్చుకొన్న స్తూపమట అది. అత్తగారు దానిని చాలసేపు చూచి, "పుట్టింటివారు సారెగా రాళ్ళిచ్చి పంపిరా?" యనిరి. పిమ్మట, "ఆ పిల్ల మఱల పుట్టింటికి పోయినదా?" యని యడిగిరి. నేను చదివినంతలో అట్టి మాట కానరాలేదు.

అక్కడినుండి గ్యోంగ్‌జు. క్రీ.పూ. 57 మొదలు క్రీ.శ. 935 వఱకు సిల్లా రాజ్యమునకు రాజధాని యని చెప్పబడు ఊరిది. ఊరి నడుమనే రాజుల సమాధులు, పచ్చని గుట్టలవలె, నిమ్మళముగా పడియున్నవి. వానినడుమ పిల్లలు పరుగులిడుదురు. క్రొత్తజంటలు ఛాయాచిత్రములు తీయించుకొందురు. మేమక్కడ నాలుగు దినములుంటిమి. బొమున్ చెఱువు చుట్టును చెఱ్ఱీచెట్లు ఆకు కానరాకుండ పూచి, గాలి విసరినపుడెల్ల నీటిపై రేకులు రాల్చుచుండెను. చెవుమ్‌సోంగ్‌దే యను రాతి నక్షత్రశాలకు దాపున ఆవచేలవలె పసుపుపచ్చని పూలు విరియబూచినవి. సీసా యాకారమున నున్న ఆ కట్టడము సుమారు 9 మీటర్ల యెత్తు. దానిని కట్టించినది స్త్రీయే సుమా! సిల్లా సింహాసనమును 632 నుండి 647 వఱకు ఏలిన సోందొక్ రాణి కాలమున అది లేచినదని ప్రతీతి. మన రుద్రమదేవికి ఆమె ఆఱువందల యేండ్లకు ముందటిది.

అయితే గ్యోంగ్‌జులో అత్తగారు అర్ధాకలితో నుండిరని చెప్పక తప్పదు. ప్రతి భోజనమునకును పది పన్నెండు చిన్నగిన్నెలు వరుసగా పెట్టుదురు, చూచుటకు కన్నులపండువు. కాని కిమ్చిలో ఉప్పునూరిన రొయ్యలో చేపలో కలియును, చారులో ఎండుచేప మఱగును. ఏది యడిగినను వడ్డించువారు నవ్వుమొగముతో "మాంసము లేదు" అందురు. చేప వారికి మాంసము లెక్కలోనిది కాదు. అన్నము, నువ్వులనూనె రాచి కాల్చిన సముద్రపు నాచు, ఆకుకూరలు, ఇవియే ఆమెకు ఆధారమైనవి.

ఆ ఆకుకూరలే మమ్ము కాపాడినవి. వసంతము రాగానే కొండచఱియలలో మొలచు లేతాకులను ముదుసలి స్త్రీలు కోసి తెచ్చి, వీధిచివర గుట్టలుపోసి అమ్ముదురు. వానిలో 'సుక్' అనునది ముఖ్యము. ఆకు నలిపి వాసన చూచినంతనే అత్తగారు, "ఇది మాచిపత్రి గదే!" యనిరి. నిజమే; వినాయకచవితికి మనము పూజచేయు పత్రి కులమే. దానిని బియ్యపుపిండిలో దంచి, ఆవిరిపై నుడికించి చేసిన పచ్చని కుడుములు ఆమెకు ప్రాణము లేచివచ్చినట్లు చేసినవి. కొరియా జనుల ఆదిమాత కథలోను ఈ యాకే యున్నది. ఎలుగుబంటి యొకతె మనిషి కావలెనని కోరి, గుహలో సుక్‌ను వెల్లుల్లిని మాత్రము తినుచు ఓర్చియుండి, స్త్రీగా మాఱినదట. ఆమెతోపాటు గుహ జొచ్చిన పులి ఓర్వలేక పాఱిపోయినదట. వారి మొదటి రాజగు దంగున్ ఆ స్త్రీ కొడుకు.

ఏప్రిలు మొదటివారము గడచినపిమ్మట జోంజు చేరితిమి. 2012లో యునెస్కో 'రుచుల నగరము' లలో నొకటిగా నెన్నిన ఊరిది. ప్రాతపద్ధతి పెంకుటిండ్లు ఏడువందలకు పైగా నొక్కచోట నిలిచియున్నవి. అట్టి యింటిలోనే మేము బస చేసితిమి. ఇంటి యజమానురాలు డెబ్బది దాటిన వితంతువు. ఆమె కూతురు, సియోలులో నుద్యోగము చేయునది, సెలవుపై వచ్చియుండెను. ఆ పిల్లకు ఇంగ్లీషు వచ్చును గనుక మాకు మాట కుదిరినది. రాత్రివేళ నేల వెచ్చగానుండుట చూచి మొదట భయపడితిమి. గదుల నేలక్రిందనుండి వేడిని పోనిచ్చు 'ఒందోల్' అను ఏర్పాటు అది. పూర్వము వంటపొయ్యి పొగయే నేలక్రింద దారులవెంట పోయెడిదట, ఇప్పుడు వేడినీటి గొట్టములు. అత్తగారు ఆ నేలపై పఱపు వేసికొని పండుకొని, మోకాళ్ళ మాట మఱచిరి.

ఏప్రిలు 9న ఉగాది. వేపపూవు లేదు, మామిడికాయ లేదు. చింతపండు కొంచెము మావద్ద గలదు. మామిడికాయకు బదులు పుల్లని ఆపిలుపండు, వేపపూవునకు బదులు అంగడివీధిలో దొరకిన 'సుంబాగ్వి' యను చేదుదుంపవేళ్ళు తఱిగి పచ్చడి చేసితిమి. యజమానురాలు నోట వేసికొని కన్నులు మూసికొని, "వసంతమున చేదు తినవలెనని మా అమ్మయు చెప్పెడిది" యనెను. రెండు దినములు గడచి చాంద్రమానపు మూడవనెల మూడవ దినమైనది, వారికది పండుగ. ఆనాడు ఆమె జిగురుబియ్యపు పిండిని చిన్నచిన్న బిళ్ళలుగా పెనముపై వేసి, ఒక్కొక్కదానిపై గులాబివన్నె జిందాల్లే పూవును పఱచి కాల్చి, తేనెతో పెట్టినది. తినుటకు చేయి రాలేదు. ఇంచుమించు అదే రూపుగల చోల్‌చుక్ పూవు విషమట. ఎఱుగనివారు పూలు కోయరాదని మఱి మఱి చెప్పినది.

ఆ యింటి పెరటిలో ఎండ తగులు చోట ముప్పదికి తక్కువ గాకుండ నల్లని మట్టిజాడీలు నిలిచియున్నవి. 'ఒంగి' యందురు వానిని. ఆమె ప్రతి యుదయము గుడ్డతో జాడీలను తుడుచును. ఎండ కాయుచున్న మూతలు తీయును. మబ్బు పట్టిన మూయును. చలికాలమున సోయాచిక్కుళ్ళు ఉడికించి, దంచి, ఇటుకలవలె చేసి, గడ్డితో కట్టి వ్రేలాడదీసిన బూజుముద్దలను సంవత్సరారంభమున ఉప్పునీట వేయుదురు. పైన ఎండుమిరపకాయలు, బొగ్గుముక్కలు, ఎండు రేగుపండ్లు తేలవిడుతురు. రెండు నెలలకు ద్రవమును వేఱుచేసిన అది 'కంజాంగ్' అను నల్లని పులుసు. మిగిలిన ముద్దను పిసికి జాడీ కెత్తిన అది 'దొయెన్‌జాంగ్'. ఈ వేఱుచేయు పని మేమున్నపుడే తటస్థించినది. ఒక జాడీకి తెల్లకాగితపు మేజోడు బొమ్మ తలక్రిందులుగా నంటించియుండుట చూచి, "దిష్టికా?" యని అత్తగారు అడిగిరి. అవుననిరి. ఇక వారిరువురికి నా దుబాసితనము అక్కఱలేకపోయినది. అత్తగారు కొంగు బిగించి ఆమె ప్రక్కన గూర్చుండి చిక్కుడుముద్ద పిసికిరి.

మధ్యాహ్న భోజనమున నేను ఆవకాయ సీసా తీసితిని. మిరపకాయ మనకును వారికిని క్రొత్తచుట్టమే. సముద్రములు దాటి మనకు పోర్చుగీసువారి వెంట వచ్చినది, వారి దేశమునకు 16వ శతాబ్దము చివర చేరినదని చెప్పుదురు. ఆమె ముక్క కొఱికి, నీరు త్రాగక, తల యాడించి, కూతురిచేత నడిగించినది: "ఇది మీ చేతిదా?" కొరియా భాషలో 'సొన్‌మత్' అను మాట గలదు. చేతిరుచి యని యర్థము. మనమును ఫలానావారి చేతి వంట యనుచుండుట లేదా? అత్తగారు తలవంచుకొని, "కాదు, అంగడిది" యనిరి. నేనును తలవంచుకొంటిని.

ఆ ముదుసలి కొంతసేపూరకుండి తన సంగతి చెప్పినది. చలికాలపు కిమ్చికై ఏటేట నూఱు క్యాబేజీలు ఉప్పువేసి, చన్నీళ్ళలో కడిగి, చేతులు పగిలి, అత్తగారిచేత మాటలుపడిన కోడలట ఆమె. ఆ సామూహికపు కిమ్చి పనిని యునెస్కో 2013లో మానవజాతి వారసత్వముగా నెన్నినది. మేము తిరిగివచ్చిన పిదప, 2024 డిసెంబరులో, ఈ జాడీల విద్యనుగూడ నెన్నినది. "గౌరవించిరి, మంచిదే. ఆ పగిలిన చేతులను మాత్రము ఎవరు లెక్కించిరి?" అని ఆమె నవ్వెను. కూతురు సియోలులో డబ్బా కొనును, తప్పుపట్టలేననెను. "అయినను ఈ జాడీ ఖాళీగానున్న నాకు నిదుర రాదు" అనెను. పిమ్మట మఱల ఆవకాయ వంక చూపి, "మీరు చేయునది దీనికంటె మంచిదే కదా? కొలతలు చెప్పుడు" అనెను. అత్తగారు నోరు తెఱచి, మూసి, నావంక చూచిరి. ఏబది యేండ్లు ఆవకాయ పెట్టిన ఆమెకు కొలతలు తెలియవు. పంపించెదనని మాట యిచ్చిరి.

మేము సియోలు చేరునప్పటికి పూలు మమ్ము దాటిపోయినవి. చాంగ్‌గ్యోంగ్ రాజమందిరమున అసలు చెఱ్ఱీతోటయే లేదు. 1909లో జపానువారు ఆ మందిరమును జంతుప్రదర్శనశాలగా మార్చి, చెఱ్ఱీచెట్లు నాటి, జనులకు వేడుకతోట చేసిరి. 1983 మొదలుకొని కొరియావారు జంతువులను, చెట్లను తరలించి మందిరమునకు పూర్వపుపేరు పెట్టిరి. చెట్లలో కొన్ని హాన్ నది నడుమ యొయిదో దీవి చేరినవి. పూవునకు తప్పులేదు గనుక అక్కడ అందఱును వేడుకతో చూతురు.

కడపట జిన్‌గ్వాన్సా చూచితిమి. అది భిక్షుణుల ఆశ్రమము, వంటకు పేరుపడినది. అత్తగారు ఈ యాత్రలో కడుపార తినినది అక్కడనే. చేప లేదు, ఉల్లి వెల్లుల్లి లేవు, మన మడివంటయే. అయితే భిక్షువులు విడువవలసిన అయిదు ఘాటువస్తువులలో ఇంగువయు నొకటియట. "ఇంగువ యేమి పాపము చేసినదమ్మా!" యని ఆమె ఆశ్చర్యపడిరి. 2009లో అక్కడి చిన్నమందిరమును బాగుచేయుచుండగా గోడలో నొక మూట దొరకినది. 1919నాటి స్వాతంత్ర్యపత్రికలు, వానిని చుట్టియుంచిన కొరియా పతాకము. జపాను పతాకముపైననే దిద్దిన పతాకమది. తొంబదియేండ్లు గోడలో పదిలముగా నున్నది.

మే నెలలో అత్తగారు ఇరువది కాయలు తెప్పించిరి. నేను కాగితము, కలము, త్రాసు పట్టుకొని ప్రక్కన కూర్చుంటిని. ఆమె పిడికిట తీసిన ఉప్పును తూచి వ్రాసితిని. రెండవ పిడికిలి తూచగా తక్కువ వచ్చినది; మూడవది మొదటిదానికంటె నెక్కువ. ఏది వ్రాసి జోంజుకు పంపవలెనని యడిగితిని.

"కాయనుబట్టి యని వ్రాయుము" అని, అత్తగారు నూనెగిన్నె యందుకొనిరి.