పూతరేకుల పెట్టెపై నుండవలసిన వ్రాత

ఆత్రేయపురము పూతరేకుల పెట్టె చేతికి వచ్చినప్పుడు మనలో ఎందరు దానిని త్రిప్పి చూచుచున్నారు? మూత తెరచి నేతి వాసన చూచుటకు తొందరయే గాని, మూతపై వ్రాత చదువుటకు ఓపిక యెవరికి? 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ మిఠాయి రుచిని గూర్చి కోనసీమ వారికి మేము చెప్పనక్కరలేదు. ఆ పెట్టెపై ఏమి వ్రాసియుండవలెనో, అది లేనిచో మనమేమి అడుగవచ్చునో, అదియే ఈ ప్రసంగ విషయము.

కొనువారు ఎదుట లేనప్పుడు, ముందే నిర్ణయించిన పరిమాణములో కట్టియుంచిన సరకు ఒక తెగ. మన కన్నుల యెదుట తూచి కట్టి యిచ్చునది మరియొక తెగ. 2009 నాటి తూనికలు కొలతల చట్టము క్రింద 2011లో అమలునకు వచ్చిన ప్యాకేజీ సరకుల నిబంధనలు మొదటి తెగకు వర్తించును. ఉదయము కట్టి బల్లపై పేర్చిన పది రేకుల పెట్టె ఈ తెగలోనిదే. దానిపై తయారీదారు పేరు, చిరునామా, లోనున్న సరకు సంఖ్య లేక నికరమైన బరువు, తయారైన నెల, సంవత్సరము, అన్ని పన్నులతో కూడిన గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయదలచినవారికి ఫోను నంబరు ఉండవలెను. పెట్టెకు సీలు లేదు గనుక నిబంధన వర్తింపదనుట చెల్లదు. మీరడిగిన తరువాత పళ్ళెము నుండి తీసి కట్టి యిచ్చినచో మాత్రము ఆ వ్రాతలు అక్కరలేదు.

ఇంటి వద్ద రేకులు తీసి బ్రతుకు స్త్రీలకు ఇదంతయు భారము గాదా యని కొందరు అడుగుదురు. ఒక చిన్న అచ్చు చీటీతో తీరు భారమిది. పైగా, ఆత్రేయపురము పేరు పెట్టుకొని ఎచ్చటనో చుట్టిన రేకుల నుండి ఆ చీటీయే వారిని కాపాడును.

ఇక ‘గరిష్ఠ’ అను మాట. అచ్చువేసిన ధర అంతకు మించరాని హద్దు మాత్రమే. అంతకు తక్కువకు బేరమాడుటకు మనకు స్వేచ్ఛ కలదు. 1990కి ముందు ప్యాకెట్టుపై ధర వేసి ‘స్థానిక పన్నులు అదనము’ అని చేర్చు వాడుక యుండెడిది. ఆ అదనమెంతయో అంగడివాడు చెప్పినదే లెక్క. ఆ యేట నిబంధనను సవరించి పన్నులన్నియు ధరలోనే కలిపిరి. కావున గరిష్ఠ ధరపై మరల జి.ఎస్.టి. వేసి బిల్లు వ్రాసినచో అది తప్పు.

మొన్న వేసవిలో మేము అమలాపురము నుండి వచ్చుచు దారిలో ఒక అంగడిలో మంచినీళ్ళ సీసా కొంటిమి. ఇరువది రూపాయల సీసాకు ఇరువదియైదు అడిగిరి. ఏమనగా ‘కూలింగు చార్జీ’ యనిరి. అట్టి చార్జీ ఏ నిబంధనలోను లేదు. హోటలులో కూర్చుండి త్రాగినప్పటి మాట వేరు. అక్కడ సరకుతో పాటు సేవ కూడ ఉన్నది గనుక గరిష్ఠ ధర నిబంధన వర్తింపదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పును చిల్లర అంగడికి అతికించుకొనుటకు వీలులేదు. మేము ఐదు రూపాయలు ఇచ్చియే వచ్చితిమని ఒప్పుకొనుచున్నాము. ఎండ అటువంటిది.

ఇంతకంటె పెద్ద నష్టము మిఠాయి తూకములో ఉన్నది. అట్టపెట్టెతో సహా తూచుట పలుచోట్ల అలవాటు. కిలో ఎనిమిది వందల రూపాయల కాజాలు కొన్నప్పుడు పెట్టె డెబ్బది గ్రాములు తూగినచో, ఏబదియారు రూపాయలు అట్టకే పోసినట్లు. తూకమనగా లోని సరకు తూకమే.

కొబ్బరికాయకు మాత్రము ఏ గరిష్ఠ ధరయు లేదు. అంబాజీపేటలో వెయ్యి కాయల ధర రోజు రోజుకు మారుచుండును, పత్రికలలోను వచ్చుచుండును. దానిని వేయితో భాగించి, కాయ పరిమాణమును చూచి, రవాణాకును అంగడివాని లాభమునకును కొంత చేర్చినచో, చిల్లర ధర న్యాయమైనదా కాదా యని గృహిణి తానే తేల్చుకొనగలదు.

వెనుక మన పెద్దలు కుంచము, మానిక, తవ్వ, సోలలతో కొలుచుకొనిరి, వీశెలతో తూచుకొనిరి. ఊరూరికి కుంచము మారుటచే మోసమునకు చోటుండెడిది. 1956 చట్టముతో మెట్రిక్కు పద్ధతి వచ్చి, 1958 అక్టోబరు నుండి క్రమముగా అమలై, ఆ గందరగోళమును పోగొట్టినది. ఇప్పటి చిక్కు వేరు: ధర మారదు, ప్యాకెట్టులోని గ్రాములు తగ్గును. అందుచేతనే 2021 సవరణలో గ్రాముకో కిలోకో ధర యెంతయో కూడ అచ్చువేయవలెనని విధించిరి. రెండు సబ్బులను పోల్చునప్పుడు ఆ చిన్న అంకెను చూడుడు.

ఫిర్యాదునకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. అంతటితో తీరనిచో జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. 2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 చట్టము ప్రకారము మీ నివాసమున్న చోటనే ఫిర్యాదు చేయవచ్చును. ఐదు లక్షల రూపాయల విలువ వరకు రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, గడువు రెండేండ్లు. బిల్లు మాత్రము దాచవలెను. బిల్లు అడుగుటకు మొగమాటపడువారే మనలో ఎక్కువ.

తిరుగు ప్రయాణమున మరియొక అంగడిలో, ఖాళీ పెట్టెను ముందు కాటాపై నుంచి అంకెను సున్న చేయుమని కోరితిమి. కుర్రవాడు మా వంక ఒకసారి చూచి, మారు పలుకక మీట నొక్కెను.