పేరు వెనుకనున్న సంఖ్య

కంప్యూటరు ముందు కూర్చుండి మన పేరును, పాస్‌వర్డును తెలిపి లోనికి ప్రవేశించిన మరుక్షణమున ఆ యంత్రము మన పేరును ప్రక్కనుంచి, మనలను ఒక సంఖ్యగా మాత్రమే లెక్కింప మొదలిడును. అటుపై మనము తెరవగోరు ప్రతి ఫైలును గూర్చియు, నడుపదలచిన ప్రతి ప్రోగ్రామును గూర్చియు అనుమతి నీయవలయునా వలదా యని విచారించునప్పుడు అది చూచునది ఆ సంఖ్యనే. పేర్లు మనుష్యుల సౌకర్యార్థమై ఏర్పడినవి. అధికారము మాత్రము సంఖ్య ననుసరించి నడచుచుండును. ఈ రెంటిని కలుపు ముడి యెంత గట్టిదో కంప్యూటరు భద్రతయు అంత గట్టిదని నా నిశ్చితాభిప్రాయము. గడచిన అరువదియేండ్లలో వెలుగుచూచిన మోసములలో పెక్కు ఆ ముడి సడలిన చోటనే జరిగినవి.

ఒకే యంత్రమును పలువురు పంచుకొనుట ఆరంభమైన నాడే ఈ చిక్కు పుట్టినది. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కొర్బాటో నాయకత్వమున రూపొందిన సి.టి.ఎస్.ఎస్. అను వ్యవస్థలో, ఒకరి ఫైళ్లు మరియొకరి కంటబడకుండుటకై, ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డు నేర్పాటు చేసిరి. అయితే ఆ పాస్‌వర్డులన్నియు ఒకే ఫైలులో, ఉన్నవి ఉన్నట్లే వ్రాయబడి యుండెను. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన యంత్రకాలము చాలక, ఆ ఫైలును అచ్చువేయుమని పంచ్‌కార్డు ద్వారా కోరగా, యంత్రము అట్లే అచ్చువేసి యిచ్చెను. ఇట్టి దొంగతనమునకు తావులేకుండ, 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్‌లు ప్రకటించిన వ్యాసమున వివరింపబడిన, యునిక్సు అను వ్యవస్థలోని పద్ధతియందు పాస్‌వర్డు ఎచ్చటను దాచబడదు; వెనుకకు మరల్చ వీలులేని గణితక్రియచే మార్చిన రూపము మాత్రమే దాచబడును. ఇద్దరు ఒకే పాస్‌వర్డు నెన్నుకొన్నను వాని మారురూపములు ఒకటే కాకుండుటకై, 4,096 విలువలలో నేదో యొకదానిని ముందుగా దానితో కలిపెడివారు.

వ్యక్తి యెవరో తెలుపుట వేరు, తాను ఆ వ్యక్తియేయని నిరూపించుకొనుట వేరు. మన ఆధార్ సంఖ్యలోని 12 అంకెలలో కడపటిది వెర్‌హోఫ్ అను డచ్చి గణితజ్ఞుని సూత్రము చొప్పున లెక్కగట్టిన తనిఖీ అంకె. ఒక అంకె తప్పు వ్రాసినను, ప్రక్కప్రక్క నున్న రెండంకెలు తారుమారైనను అది పట్టియిచ్చును. అంతేకాని, ఆ సంఖ్యను చెప్పగలిగినవాడే దానికి హక్కుదారుడని అది యెన్నడును సాక్ష్యము పలుకదు. అందులకే వ్రేలిముద్రనో, ఫోనునకు వచ్చు ఓటీపీనో అడుగవలసివచ్చుచున్నది. సంఖ్యను విన్నంతనే మనిషిని నమ్ము కార్యాలయము ఏ పరీక్షయు లేకయే తలుపు తెరచుచున్నదని గ్రహింపవలెను.

1969లో బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు ఆరంభించిన యునిక్సు వ్యవస్థ ఈ విషయమున వేసిన బాటనే నేటి లినక్సు యంత్రములును, మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్లును అనుసరించుచున్నవి. ఆ ఫోనులో ఒక్కొక్క యాప్ ఒక్కొక్క మనిషియేమో యన్నట్లు, 10,000 మొదలుకొని ఒక్కొక్క వినియోగదారు సంఖ్యను పొందును. ఆటల యాప్ మన బ్యాంకు యాప్ దాచుకొన్న సమాచారమును తెరచి చూడలేకపోవుటకు ఆ సంఖ్యలు వేరగుటయే మూలకారణము. సంఖ్యలలో సున్నకు మాత్రము సర్వాధికారము కలదు. వాడుకలో దానిని ‘రూట్’ అందురు గాని, యంత్రమునకు ఆ పేరుతో పనిలేదు. చొరబాటుదారుడు వినియోగదారుల పట్టికలో ఒక అమాయకమైన పేరు చేర్చి, దాని కెదురుగా సున్న వేసిపోయెనేని, ఆ పేరుగలవాడును సర్వాధికారియే యగును. కావుననే వ్యవస్థను కాపాడు ఉద్యోగులు పట్టికలోని పేర్లను గాక సంఖ్యలను చదువవలయును.

సంఖ్యకును తన దోషములు తనకున్నవి. ఒక ఉద్యోగి సంస్థను విడిచిపోగా అతని పేరును తొలగించి, అతని సంఖ్యనే క్రొత్తగా చేరినవారి కిచ్చినచో, పాత ఉద్యోగి మిగిల్చిపోయిన ఫైళ్లన్నియు క్రొత్తవారి సొత్తగును. ఏలనన ఆ ఫైళ్లపై యజమానిగా వ్రాయబడినది పేరు కాదు, సంఖ్య. మరియు 1001 అను సంఖ్య ఈ యంత్రమున ఒకరిదైనచో ప్రక్క యంత్రమున వేరొకరిది కావచ్చును. 1980ల నడుమ సన్ మైక్రోసిస్టమ్స్ ప్రవేశపెట్టిన ఎన్.ఎఫ్.ఎస్. అను పద్ధతిలో, ఫైళ్లను దాచిన యంత్రము అవతలి యంత్రము పంపిన సంఖ్యను అట్లే విశ్వసించెడిది. అవతలి యంత్రము తన చేతిలోనున్నవాడు ఎవరి సంఖ్యనైనను పంపి వారి ఫైళ్లను చదువగలిగెడివాడు. 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి. ఒకరి సంఖ్య మరియొకరికి చెందు ఈ దోషమును కొంత చక్కగా తొలగించినది. దాని సంఖ్యలు మిక్కిలి దీర్ఘమైనవి. ఆ యంత్రమునకో, సంస్థకో ప్రత్యేకమైన భాగమును వానిలో నుండును. ఒకసారి ఒకరికిచ్చిన సంఖ్యను మరల వేరొకరి కీయరు. ఈ కడపటి నియమమే అన్నింటికంటె విలువైనదని నేను భావింతును.

మనుష్యుల వలెనే ఫైళ్లకును పేరు, సంఖ్య రెండును కలవు. యునిక్సులో ఫైలు నిజమైన గుర్తు ‘ఐనోడ్’ అను సంఖ్య. పేరు ఆ సంఖ్యకు దారిచూపు గుర్తుపలక మాత్రమే. ఊరిలో ఒకే పొలమును ఒకరు చింతచెట్టు చేననియు, వేరొకరు తాతగారి చేననియు వ్యవహరించినను దాని సర్వే నంబరు ఒక్కటే యైనట్లు, ఒకే ఫైలునకు పలు పేర్లుండవచ్చును. అందొక పేరును చెరిపివేసినను ఫైలు నశింపదు, కట్టకడపటి పేరు చెరుపువరకును అది నిలిచియే యుండును.

ఈ ఏర్పాటువలన ఎంత ప్రమాదము పొంచియున్నదో ఒక యుదాహరణముచే తెలియును. యునిక్సులో కొన్ని ప్రోగ్రాములు, నడిపినవారెవరైనను, తమ యజమాని అధికారముతోనే పనిచేయును. పాస్‌వర్డును మార్చుకొను ప్రోగ్రామునకు సర్వాధికారము లేనిదే పాస్‌వర్డుల పట్టికలో వ్రాయ వీలుకాదు గదా. డెనిస్ రిచీ ఊహించిన ఈ ఉపాయము గొప్పది. కాని అట్టి ప్రోగ్రామొకటి, ‘ఈ పేరుగల ఫైలులో వ్రాయుటకు ఇతనికి హక్కు కలదా?’ అని ముందు పరీక్షించి, కలదని తేలిన పిమ్మట అదే పేరుతో ఫైలును తెరచుననుకొందము. పరీక్షకును తెరచుటకును నడుమ క్షణములో సహస్రాంశమైనను వ్యవధి యుండును. ఆ వ్యవధిలో దుర్మార్గుడు ఆ పేరును తన సొంత ఫైలునుండి విప్పి పాస్‌వర్డుల పట్టికకు తగిలించును. ప్రోగ్రాము అధికారమంతయు తనకున్నది గనుక, నిస్సందేహముగా ఆ పట్టికపైననే వ్రాసివేయును. ఒక్క యత్నమున తప్పిపోయినను వేయి యత్నములలో ఒకటి ఫలించిన చాలును. దీనికి విరుగుడు సులభము: ముందు ఫైలును తెరచి, అటుపై పేరును గాక, తెరచిన ఆ వస్తువునే పట్టుకొని ప్రశ్నింపవలయును. పేరు మారునేమో గాని, చేతికి చిక్కిన వస్తువు మారదు. ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొను ప్రతి విద్యార్థియు మొదటి సంవత్సరముననే ఈ పాఠమును నేర్వవలయునని నా కోరిక.

యంత్రములు ప్రపంచమంతట కలిసిన పిమ్మట యంత్రములకే పేర్లు కావలసివచ్చినవి. మొదట ఆ పేర్లన్నియు స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఒకే జాబితాగా నుండెడివి. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన డి.ఎన్.ఎస్. దానిని అంచెలంచెలుగా పంచి యిచ్చినది. పేరు చెప్పిన సంఖ్య చెప్పు ఈ వ్యవస్థలో అబద్ధపు జవాబులను చొప్పింపవచ్చునని 2008లో డాన్ కామిన్‌స్కీ నిరూపించెను. అందువలన, ‘ఈ పేరుగల యంత్రము నిజముగ ఇదియే’ యని పూచీపడు ధ్రువపత్రములు అవసరమగుచున్నవి. బ్రౌజరు ఆ పూచీదారులను నమ్మును. మనము బ్రౌజరును నమ్ముదుము. 2011లో నెదర్లాండ్సులోని డిజినోటార్ అను పూచీదారు సంస్థలోనికి చోరులు ప్రవేశించి, గూగుల్ పేరున సహా 500కు పైగా దొంగ ధ్రువపత్రములను పుట్టించిరి. వానిచే ఇరాన్‌లోని జనుల ఈమెయిళ్లపై నిఘా జరిగినది. బ్రౌజర్లు ఆ సంస్థను నమ్మికనుండి తొలగింపగా, ఆ సెప్టెంబరులోనే అది దివాలా తీసెను.

పూచీదారుడు సత్యవంతుడే యైనను, మన కన్నే మోసపోవు సందర్భ మొకటి మిగిలియున్నది. అది తెలుగువారికి మిక్కిలి సమీపమైనది. ఇప్పుడు తెలుగు లిపిలోనే ‘.భారత్’తో ముగియు చిరునామాలు లభించుచున్నవి. తెలుగు ‘ల’ యంత్రమునకు 3122వ అక్షరము. కన్నడపు ‘ల’ 3250వది. కంటికి రెండును ఒక్కటే. ‘బ’, ‘జ’ వంటి పెక్కు అక్షరముల తీరును ఇంతే. ఇట్టి యక్షరములతో కూర్చిన పేరొకటి రెండు లిపులలోను నమోదైనచో, రెంటికిని నిజమైన ధ్రువపత్రమే లభించును, రెంటికిని తాళపుగుర్తు కనబడును, చదువరి మాత్రము తానెచ్చట నున్నాడో యెరుగడు. 2019లో ఇంటర్నెట్ పేర్లను పర్యవేక్షించు ఐకాన్ సంస్థ ప్రకటించిన నియమావళి, చిరునామా చివరనుండు పైస్థాయి పేర్ల విషయమున, తెలుగు కన్నడములలో సరిపోలు పేర్లను ఒకదాని కొకటి ప్రతిరూపముగా నెంచి, రెండవదానిని అన్యుల కీయకుండ ఆపుచున్నది. క్రింది స్థాయి పేర్లకును ఇదే నియమమును తెలుగు, కన్నడ చిరునామాలను నమోదు చేయు ప్రతి సంస్థయు పాటించునట్లు ఇరు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును, కర్ణాటక ప్రభుత్వమును కలిసి పట్టుపట్టవలయును.