అన్నకోశపు రాచపుండు: ముందుగా దెలుపు గుర్తులు



నా చిన్ననాటి నేస్తమొకడు కడుపులో మంటయని యేండ్ల తరబడి సోడాయుప్పుతో కాలము గడపెను. తుదకు వైద్యుని యొద్దకు పోవునప్పటికి అన్నకోశమున రాచపుండు ముదిరియుండెను. "పంతులుగారూ, ఇది ముందే తెలియు నుపాయము లేదా?" యని యతని కుమారుడు నన్నడిగెను. నాడు నాయొద్ద సమాధానము లేదు. తరువాత చదివి తెలిసికొన్నదానిని నేడు మనవి చేయుచున్నాను.

ఈ వ్యాధికి ముఖ్యకారణము హెలికోబాక్టర్ పైలోరై యను సూక్ష్మజీవి. దీనిని కనిపెట్టిన ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ గారలకు 2005లో నోబెల్ బహుమానము లభించెను. అయితే ఈ జీవి సోకినవారిలో పెక్కుమందికి రాచపుండు రాదు. ఎవరికి వచ్చునో యెట్లు తెలియును?

మన కణములలో డి.ఎన్.ఏ. యను లిపి గలదు. తాటాకుల గ్రంథమున కొన్ని యాకులను దారముతో బిగించి కట్టితిమనుకొనుడు. అక్షరము చెడలేదు, కాని యా భాగము చదువుటకు వీలులేదు. అట్లే మిథైల్ అను చిన్న రసాయనపు ముద్ర జన్యువు మొదట నంటుకొన్నచో, ఆ జన్యువు మూగవోవును. కణముల విచ్చలవిడి పెరుగుదలను అడ్డగించు జన్యువే మూగవోయినచో అపాయము గదా! లిపి మారక చదువు మాత్రము మారు నిట్టి గుర్తులను ఎపిజెనెటిక్ గుర్తులందురు.

సూక్ష్మజీవి వలన చిరకాలము నిలుచు వాపు ఈ ముద్రలను పెంచును. జపానులో ఉషిజిమాగారును, వారి సహచరులును 2006లో ప్రకటించిన పరిశోధనలో నొక విశేషము గలదు. సూక్ష్మజీవి కానరాని వారిలో సైతము, రాచపుండు వచ్చినవారి అన్నకోశపు పొరయందు ఆరోగ్యవంతులకంటె ముద్రలు హెచ్చుగా నుండెను. దొంగ పోయినను అడుగుజాడలు మిగిలినవన్నమాట! తొలి పుండును గొట్టము ద్వారా తీయించుకొన్న 826 మందిని చేర్చుకొని జరిపిన మరియొక జపాను పరిశోధన 2015లో వెలువడెను. ఒక జన్యువుపై ముద్రలు మిక్కిలిగా గలవారికి, మిక్కిలి తక్కువగా గలవారికంటె, మరల పుండు పుట్టు నవకాశము రెండింతలకు పైగా నుండెనని తేలినది.

ఇది జోస్యము కాదు, తూకము వంటిది. ముద్రలు హెచ్చుగా నున్న వారందరికి వ్యాధి వచ్చునని కాదు. వారిని తరచుగా పరీక్షింపవలెనని మాత్రమే యర్థము. మరియు నిది ప్రతి వైద్యశాలలో జరుగు పరీక్ష కాదు. కాని యిందలి నీతి మనకు నేడే పనికివచ్చును. మందులతో సూక్ష్మజీవిని తొలగించుట వలన అపాయము తగ్గును, పూర్తిగా పోదు. కావున వైద్యుడు మరల రమ్మన్నచో "నయమైనది గదా" యని మానరాదు.

ఆకలి మందగించినను, కారణము లేక చిక్కిపోయినను, నల్లని విరేచనమైనను, మ్రింగుట కష్టమైనను సోడాయుప్పును నమ్ముకొని కూర్చుండవలదు. వెంటనే వైద్యుని చూడుడు. నా నేస్తమునకు ఈ మాట సకాలమున చెప్పలేకపోతిని. మీకైనను చెప్పగలిగితిని.