ప్రాకృతం పలికిన విదూషకుడు - జానీ వాకర్

సంస్కృత నాటకాలలో నాయకుడు సంస్కృతంలోనూ, విదూషకుడు ప్రాకృతంలోనూ మాట్లాడుతారని తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు దానిని పరీక్షకు పనికివచ్చే ఒక లక్షణంగా వ్రాసుకొని ఊరకుంటారు. ఆ భేదంలోని అంతరార్థం తెలియాలంటే 1950 తరువాతి హిందీ చిత్రాలలో జానీ వాకర్ ధరించిన పాత్రలను ఒకమారు పరిశీలించవలెనని మేము చెబుతూ ఉంటాము. అక్కడ నాయకుడు చక్కని ఉర్దూలో కవిత్వం చెబుతాడు. అతని ప్రక్కనే నిలిచిన జానీ వాకర్ బజారు భాషలో బదులిస్తాడు. ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొంటున్న మన కళాశాల విద్యార్థులకు ఈ రెండు పలుకుబడుల రుచి వేరే చెప్పనక్కరలేదు.

ఆయన అసలు పేరు బద్రుద్దీన్ జమాలుద్దీన్ కాజీ. స్వస్థలం ఇండోర్. తండ్రి మిల్లు కార్మికుడు. ఆ మిల్లు మూతపడగా కుటుంబం బొంబాయి చేరింది. ఆరవ తరగతితో చదువు ఆగిపోయిన బద్రుద్దీన్ కొంతకాలం చిల్లర పనులు చేసి, చివరకు బొంబాయి సిటీబస్సులో కండక్టరుగా కుదిరాడు. టిక్కెట్లు ఇస్తూనే స్టాపుల పేర్లను వింత వింత స్వరాలతో పిలుస్తూ ప్రయాణికులను నవ్వించేవాడట. గుజరాతీ వ్యాపారి, పార్సీ పెద్దమనిషి, గోవా క్రైస్తవుడు, ఉత్తరాది నుండి వచ్చిన కూలి - ఇందరి ఉచ్చారణలనూ దినదినమూ వినగలిగిన నటనాశాల ఆ బస్సుకంటె మరొకటి ఉంటుందా?

ఆ ప్రతిభను గుర్తించినవారు నటుడు బలరాజ్ సాహ్నీ. అప్పుడాయన గురుదత్ దర్శకత్వం వహించబోయే 'బాజీ' చిత్రానికి కథ వ్రాస్తున్నారు. తాగుబోతు వేషంతో గురుదత్ ఎదుటికి వెళ్లమని కండక్టరుకు సలహా ఇచ్చారు. ఆ తూలుడూ ఆ వాగుడూ చూసినవారు అతడు నిజంగానే తాగివచ్చాడనుకొన్నారట. ఆ విధంగా 1951లో వచ్చిన 'బాజీ'లో చిన్న వేషం, దానితోపాటు ఒక విస్కీ పేరూ దక్కాయి. ఆయన మాత్రం జీవితంలో మద్యం ముట్టలేదని చెప్పేవారు.

అక్కడినుండి గురుదత్ సంస్థలో ఆయనకు స్థిరమైన స్థానం ఏర్పడింది. 'ఆర్ పార్' (1954), 'మిస్టర్ అండ్ మిసెస్ 55' (1955), 'సి.ఐ.డి.' (1956) వరుసగా వచ్చాయి. ఈ విజయంలో సంభాషణల రచయిత అబ్రార్ అల్వీ పాలు తక్కువ కాదు. పాత్ర ఏ వీధిలో పుట్టినదో ఆ వీధి మాటనే దాని నోట పలికించడం ఆయన పద్ధతి. గురుదత్ కూడా వ్రాసిన మాటలను చేతికిచ్చి, ఇంతకంటె బాగా చెప్పగలిగితే చెప్పమని స్వేచ్ఛ ఇచ్చేవారని జానీ వాకర్ తరువాత గుర్తుచేసుకొన్నారు. ఆ మాటలకు సెట్టుమీద దీపాలు పట్టే కుర్రవాళ్లు నవ్వుతున్నారా లేదా అన్నదే గురుదత్ చూసే పరీక్షట!

అయితే ఇవన్నీ ఒక ఎత్తు, 'ప్యాసా' (1957) ఒక ఎత్తు. కలకత్తా నగరంలో నూనెసీసాలు పట్టుకొని తిరుగుతూ తలలు మర్దించి పొట్టపోసుకొనే అబ్దుల్ సత్తార్ పాత్ర అందులో ఆయనది. (ఈ 'చంపీ' అనే మన దేశపు పనినుండే ఆంగ్లేయులు షాంపూ అనే మాటను తీసుకొనిపోయారు.) సాహిర్ లుధియాన్వీ రచించగా సచిన్ దేవ్ బర్మన్ స్వరపరచిన మర్దనకారుని పాటను మహమ్మద్ రఫీ పాడారు. ఆ గొంతు విన్నవారికి పాడుతున్నది జానీ వాకరే అనిపిస్తుంది. సామాన్య ప్రేక్షకుడు ఆ పాటకు నవ్వుకొని, హాస్యగాని పని అంతటితో అయిపోయిందనుకొంటాడు.

కాని అలా జరగలేదు. కవి విజయ్ చనిపోయాడని లోకం నమ్ముతుంది. అతని పుస్తకం విపరీతంగా అమ్ముడుపోతుంది. అప్పుడు ప్రాణాలతో ఉన్న కవిని అతని మిత్రుడే ఎరుగనంటాడు, సోదరులు ధనానికి లోబడతారు, అతడు పిచ్చాసుపత్రి పాలవుతాడు. అక్షరజ్ఞులందరూ ముఖం చాటువేసిన ఆ సమయంలో అతనిని అక్కడినుండి తప్పించేవాడు ఈ తలమర్దన చేసే సత్తారే. 'మృచ్ఛకటికం'లో చారుదత్తుడు దరిద్రుడైన తరువాత కూడా అతనిని విడువని మైత్రేయుడు మాకు ఇక్కడ స్ఫురిస్తాడు. సత్తార్‌కు కవిత్వం ఎంత తెలుసునో కథ చెప్పదు, మనిషిని గుర్తుపట్టడం మాత్రం తెలుసును. హాస్యపాత్రను కథకు అతికించిన అలంకారమని తలచే విమర్శకులు ఈ ఘట్టాన్ని ఎందుకు దాటవేస్తారో మాకు బోధపడదు.

బజారు భాష తప్ప మరొకటి రాని నటుడని ఆయనను అనుకోరాదు. ఎం. సాదిక్ దర్శకత్వంలో 1960లో వచ్చిన 'చౌద్‌వీఁ కా చాంద్'లో లక్నో మీర్జాగా ఆ నగరపు మర్యాదలన్నీ ఒలికించారు. బిమల్ రాయ్ 'మధుమతి' (1958)లో చరణ్‌దాస్ పాత్రకు సహాయనటునిగా, 'శికార్' (1968)కు హాస్యనటునిగా ఫిలింఫేర్ పురస్కారాలు పొందారు. పంపిణీదారులు ఆయనపై ఒక పాట ఉండవలసినదేనని పట్టుబట్టేవారట. మన రేలంగివలె పోస్టరుమీద ముఖం కనిపిస్తే జనాన్ని రప్పించగలిగిన నటుడు.

1964లో గురుదత్ మరణించారు. అభిరుచులు మారాయి, ద్వంద్వార్థాల హాస్యానికి గిరాకీ పెరిగింది. తాను నటించిన సుమారు 300 చిత్రాలలో తన మాటను సెన్సారు ఒక్కటీ కత్తిరించలేదని చెప్పుకొనే ఆ నటుడు క్రొత్త బాటకు ఒప్పుకోక, క్రమంగా చిత్రాలు తగ్గించుకొన్నారు. ఆ రోజులలోనే హృషీకేశ్ ముఖర్జీ 'ఆనంద్' (1971)లో ఈసాభాయి అనే నాటక సంస్థ యజమానిగా కనిపించారు. ముక్కుమొగమూ ఎరుగని ఆనంద్ తనను మరొక పేరుతో పిలిస్తే, తానూ అతనికి ఇంకొక పేరు పెట్టి ఆటలో కలిసిపోతాడు ఈసాభాయి. ఆ స్నేహితుడు మృత్యువుకు చేరువలో ఉన్నాడని తెలిసినప్పుడు ఆ ముఖంలో మెదలే దుఃఖం చూసితీరవలసినది.

చాలాకాలం విరామం తరువాత 1997లో కమల్‌హాసన్ 'చాచీ 420'లో తాగుడు మరిగిన మేకప్ కళాకారునిగా ఆయన మళ్లీ తెరమీదికి వచ్చారు. 2003 జూలై 29న బొంబాయిలోనే కన్నుమూశారు.