సైనిక బూటు: తంగేడు చెక్క నుంచి పాదం కొలత దాకా

బ్రిటిష్ సైన్యం 1880ల చివరి నుంచి 1950ల చివరి దాకా వాడిన అమ్యూనిషన్ బూటు చీలమండను కప్పే తోలు బూటు. అడుగున పొరలు పొరలుగా మందపాటి తోలు, మడమ కింద గుర్రపు లాడం ఆకారంలో ఇనుప పట్టీ, వేళ్ళ కొసల కింద మరో ఇనుప బిళ్ళ, ఈ రెంటి మధ్య వరసలుగా గుండ్రటి తల ఉన్న చీలలు ఉంటాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సైనికులూ, వారి జెండా కింద పోరాడిన భారత పటాలాలూ ఎక్కువగా నడిచింది ఈ రకం బూట్లతోనే. 1942 జనవరిలో మలయాలోని స్లిమ్ నది దగ్గర జపాను ట్యాంకులకు ఎదురు నిలిచిన 19వ హైదరాబాద్ రెజిమెంటు నాలుగో బెటాలియన్ అలాంటి పటాలాల్లో ఒకటి. ఇప్పుడు సినిమాల కోసం, నాటకాల కోసం, ప్రదర్శనశాలల కోసం, పాత సైనిక వేషం సరిగ్గా కుదరాలని పట్టుబట్టే అభిమానుల కోసం ఈ బూటుకు నకళ్ళు తయారవుతున్నాయి. అసలు బూటు ఎందుకలా రూపుదిద్దుకుందో తెలిసినవారికే నకలు ఎంపిక తేలికవుతుంది.

సైనికుల బూట్లను యంత్రాలతో చేయాలన్న ఆలోచన 1809 నాటిది. స్పెయిన్‌లో కొరున్నా పోరు నుంచి తిరిగొచ్చి పోర్ట్స్‌మత్ రేవులో దిగిన సైనికుల పాదాలకు గుడ్డపేలికలు చుట్టి ఉండడం ఇంజనీరు మార్క్ బ్రూనెల్ కంటపడింది. ఆయన అడుగు తోలును పై తోలుకు చీలలతో బిగించే యంత్రాలు రూపొందించి, లండన్‌లోని బ్యాటర్‌సీలో కర్మాగారం పెట్టాడు. యుద్ధంలో కాళ్ళూ చేతులూ దెబ్బతిన్న సైనికులే అక్కడ పనివారు. ఏ పనివాడి చేతిలోనూ బూటు మొత్తం తయారయ్యేది కాదు; ఒక్కొక్కరిది ఒక్కో చిన్న పని. అలా రోజుకు 400 జతల దాకా, తొమ్మిది సైజుల్లో తయారయ్యేవి. 1815లో వాటర్లూ పోరుతో యుద్ధం ముగిసింది, కొనేవారు లేక సరుకు పేరుకుపోయి బ్రూనెల్ తీవ్రంగా నష్టపోయాడు. కర్మాగారం నిలవకపోయినా పాదాలను కొన్ని సైజులుగా విభజించి, ముందే చేసి నిల్వ ఉంచే పద్ధతి సైన్యంలో నిలిచింది. సైజు పేచీ మొదలైంది కూడా అక్కడే. ఊళ్ళో చెప్పులు కుట్టే మనిషి ఎదుటివాడి పాదం చూసి తోలు కోస్తాడు. గిడ్డంగి నుంచి వచ్చే బూటు ఎవరి పాదాన్నీ చూసి చేసింది కాదు, పాదమే దానికి సర్దుకోవాలి.

ఆ శతాబ్దంలోనే తక్కిన యంత్రాలూ వచ్చాయి. 1858లో లైమన్ బ్లేక్ అడుగు తోలును కుట్టే యంత్రానికి పేటెంటు పొందాడు. ఫర్మా అనే పాదం ఆకారపు అచ్చు మీద పై తోలును లాగి, మడతలు పడకుండా బిగించే పనిని మాత్రం చాలాకాలం ఏ యంత్రమూ చేయలేకపోయింది. నేర్పున్న పనివాడు చేత్తో రోజుకు 50 జతలు బిగించేవాడు. సురినామ్‌లో పుట్టి అమెరికా చేరిన నల్లజాతి పనివాడు యాన్ మాట్జెలిగర్ 1883లో ఆ చేతి కదలికలను యంత్రానికి నేర్పాడు. తోలు అంచును పట్టి లాగి, మడిచి, చీల కొట్టే ఆ యంత్రంతో రోజుకు 150 నుంచి 700 జతల దాకా సాధ్యమైంది. ఆయన మాత్రం 37 ఏళ్ళు నిండకుండానే క్షయతో చనిపోయాడు. కోట్ల సైనికుల కాళ్ళకు బూట్లు అందడంలో ఈ ఒక్క యంత్రం పాత్ర ఎంతో పెద్దది, దాన్ని చేసినవాడి పేరు తెలిసినవారు బహు తక్కువ.

ఇక తోలు. ఇందులో దక్కనుకు సొంత వాటా ఉంది. పోచంపాడు నుంచి బోధన్ దాకా కాలువల గట్ల మీదా బీళ్ళలోనూ పెరిగే తంగేడును జనం బతుకమ్మ పువ్వుగానే ఎరుగుదురు. దాని బెరడులో, అంటే చెక్కలో, తోలును పదును చేసే టానిన్ పుష్కలంగా ఉంటుంది. పచ్చి తోలులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు తడిగా ఉంటే కుళ్ళిపోతుంది, ఎండితే బిరుసెక్కుతుంది. బెరడు నానబెట్టిన నీటిలో వేస్తే టానిన్ అణువులు కొల్లాజెన్ పోగుల మధ్య చేరి వాటిని పట్టి ఉంచుతాయి. తోలు కుళ్ళదు, వంగినా పగలదు. పల్లెల్లో మాదిగ కుటుంబాలు తోలు నానబెట్టే లందల్లో తరతరాలుగా చేసిన పని ఇదే. ముందు సున్నంతో వెంట్రుకలు ఊడదీయడం, తర్వాత తంగేడు చెక్క నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టడం, చివర కరక్కాయ పట్టించడం. తంగేడు తోలు వెలుతురు తగిలితే ఎర్రబారుతుంది. కరక్కాయ ఆ ఎరుపును ఆపి లేత రంగు నిలుపుతుంది. ఈ రసాయన మర్మాన్ని ఏ ప్రయోగశాలా చెప్పకముందే పనిలో పట్టుకున్నవారికి దక్కాల్సినంత గౌరవం ఇప్పటికీ దక్కలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఇలా తంగేడు చెక్కతో పదును చేసిన ఆవు తోళ్ళు ఈస్ట్ ఇండియా కిప్స్ పేరుతో ఇంగ్లండుకు ఎగుమతి అయ్యేవి. అక్కడ నూనె, కొవ్వు పట్టించి సైనిక బూట్ల పై తోలుగా వాడేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వీటి అవసరం ఎంతగా పెరిగిందంటే, 1916 నుంచి ప్రభుత్వమే ఆ తోళ్ళను కొనుగోలు చేసింది. కాన్పూరులో 1880లలో మొదలైన కూపర్ అలెన్ కంపెనీ భారత సైన్యానికి ఇక్కడే బూట్లు కుట్టి ఇచ్చేది. నకలు బూటు కొనేవారు తోలు ఏ పద్ధతిలో పదును చేసిందో అడగడం ఇందుకే ముఖ్యం. క్రోమియం లవణాలతో చేసిన తోలు త్వరగా తయారవుతుంది, వేడికీ నీటికీ బాగా తట్టుకుంటుంది, కానీ లాగి వదిలితే మళ్ళీ పాత ఆకారానికే వస్తుంది. చెక్కతో పదును చేసిన తోలు తడిసినప్పుడు మెత్తబడి, పాదం ఒంపులను పట్టుకుని అలాగే ఆరుతుంది. నకళ్ళలో పై తోలు తరచూ క్రోమ్ తోలే. అందులో తప్పేమీ లేదు, అయితే బిగువుగా ఉన్న క్రోమ్ బూటు తొడగ్గా తొడగ్గా అదే వదులవుతుందని నమ్మి కొనకూడదు. పాదం ఆనే లోపలి అడుగూ, నేల తాకే అడుగూ మాత్రం చెక్క తోలువే అయి ఉండాలి. లోపల అట్టముక్క పెట్టినవి ఒక వానాకాలం దాటవు.

సైజు అంకెకు ఇంగ్లిష్ లెక్కలో ఒక బార్లీ గింజ పొడవు, అంటే అంగుళంలో మూడో వంతు, 8.47 మిల్లీమీటర్లు. ఫర్మా పొడవును అంగుళాల్లో తీసుకుని మూడుతో గుణించి 25 తీసేస్తే పెద్దల సైజు వస్తుంది. పాదం 260 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, వేళ్ళ ముందు 12 మిల్లీమీటర్ల ఖాళీ కలిపితే 272, అంటే దాదాపు 10.7 అంగుళాలు. లెక్క వేస్తే 7 వస్తుంది. అదే ఫర్మా అమెరికా లెక్కలో సుమారు 8, సెంటీమీటరులో మూడింట రెండు వంతులను ఒక అంకెగా తీసుకునే యూరప్ లెక్కలో 41. రోజూ తొడిగే కాన్వాస్ బూటు అంకెను ఇక్కడ పెట్టుకుంటే పొరపాటే. దాన్ని పలచని మేజోళ్ళకూ, సాగే గుడ్డకూ తగ్గట్టు చేస్తారు. సైనిక బూటు మందపాటి ఉన్ని మేజోళ్ళకు తగ్గట్టు చేసింది.

పొడవు కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది వెడల్పు. అమెరికా సైన్యంలో వైద్యాధికారి ఎడ్వర్డ్ మన్సన్ నాయకత్వంలోని సంఘం నాలుగేళ్ళ పాటు దాదాపు 2,000 మంది సైనికుల పాదాలు పరిశీలించింది. 1912లో ఆయన పుస్తకం వెలువడింది. ఖాళీగా కూర్చున్న పాదమూ, వీపున 40 పౌన్ల బరువుతో నిలబడ్డ పాదమూ ఒకటి కాదని ఆయన గట్టిగా చెప్పాడు. బరువు పడితే పాదం పొడవు పెరుగుతుంది, వేళ్ళ మొదళ్ళ దగ్గర ఇంకా వెడల్పవుతుంది. ఆయన చేయించిన ఫర్మాలో బొటనవేలి వైపు అంచు నిటారుగా, ముందు భాగం విశాలంగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ బూట్ల మీద అంకె పక్కన ఎస్, ఎం, ఎల్ అక్షరాలు ఉండేవి, అవి వెడల్పుకు గుర్తులు. చాలా నకళ్ళు ఒకే వెడల్పులో వస్తాయి, అదీ పాశ్చాత్య పాదానికి సరిపడేలా.

తెలుగువారికి ఇక్కడే చిక్కు వస్తుంది. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలోని 79 చోట్ల 1,01,880 మంది పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. భారతీయుల పాదాలు యూరప్, అమెరికా వారి పాదాల కంటే వెడల్పని తేల్చింది. చెప్పులు లేకుండా తిరిగే దక్షిణ భారతీయుల మీద 2009లో వెలువడిన అధ్యయనం కూడా వారి పాదాలు ముందువైపు బాగా విచ్చుకుని ఉంటాయని చూపింది. చిన్నప్పటి నుంచి వరి మళ్ళలో, చెరకు తోటల్లో వట్టికాళ్ళతో నడిచిన వ్యక్తికి ఇంగ్లిష్ ఫర్మా చిటికెన వేలి దగ్గర పట్టేస్తుంది. వెడల్పు చాలక రెండు సైజులు పెద్దది తీసుకోవడం చాలామంది చేసే పని. అలా చేస్తే బూటు మడత పడే చోటూ పాదం మడత పడే చోటూ వేరవుతాయి, మడమ జారి పొక్కులొస్తాయి. వెడల్పు ఫర్మా దొరకకపోతే అర సైజు మించి పెంచకపోవడమే మంచిది.

కొలత సాయంత్రం పూట తీయాలి. పగలంతా నిలబడితే పాదం కొంత ఉబ్బుతుంది. వాడబోయే మేజోళ్ళు తొడిగి, మడమ గోడకు ఆనించి కాగితం మీద నిలబడాలి. వీపున పదిహేను కిలోల బియ్యం సంచి ఉంటే ఇంకా మేలు. రెండు పాదాలకూ గీత గీసి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పొడవుతో పాటు వేళ్ళ మొదళ్ళ చుట్టుకొలత టేపుతో చూసి, అమ్మేవారి నుంచి ఫర్మా కొలత అడిగి తెలుసుకోవాలి. బూటు వచ్చాక లేసులు కట్టకుండా పాదాన్ని ముందుకు నెడితే మడమ వెనక ఒక వేలు పట్టాలి. లేసులు బిగిస్తే రెండు వైపుల తోలు పూర్తిగా కలిసిపోకూడదు. కలిసిపోయిందంటే పాదం మీది వంపు దగ్గర బూటు వదులుగా ఉన్నట్టే. కొత్త బూటు అడుగు వంగదు కాబట్టి మడమ కాస్త లేవడం మామూలే, కొన్నాళ్ళకు తగ్గుతుంది.

మొదటి వారం ఇంట్లో, అదీ రోజుకు గంట చొప్పున తొడగాలి. అయితే చీలలున్న బూటుతో గ్రానైటు, టైల్స్ నేల మీద అడుగేస్తే జారి పడే ప్రమాదం ఉంది, నేల మీద గీతలు కూడా పడతాయి. చాప పరిచి నడవాలి, లేదా మట్టి నేల చూసుకోవాలి. నల్లరేగడిలో చీలల మధ్య బంకమట్టి ఇరుక్కుని పట్టు పోతుంది. ఎప్పటికప్పుడు పుల్లతో తీయకపోతే ఆ తడికి చీలలు తుప్పు పట్టి చుట్టూ తోలును తినేస్తాయి. కిర్రు చెప్పులకు ఆముదం పట్టించే అలవాటు తెలంగాణ పల్లెల్లో పాతదే. బూటు పై తోలుకూ పలచగా పట్టించవచ్చు, అడుగుకు మాత్రం వద్దు. తడిసిన బూటును కాగితాలు కుక్కి నీడనే ఆరబెట్టాలి. తడి మీదున్న చెక్క తోలు వేడికి త్వరగా లొంగుతుంది, పొయ్యి పక్కన పెడితే ముడుచుకుని బిరుసెక్కి మళ్ళీ సాగదు. చీల తలలు అరిగి తోలు నేలకు తగలడం మొదలైతే కొత్త చీలలు కొట్టించాలి. వెల్టు (పై తోలునూ అడుగునూ కలిపే తోలు పట్టీ) కుట్టున్న బూటైతే ఆరె, రంపె పట్టగల ఏ పనివాడైనా అడుగు విప్పి కొత్త తోలు కుడతాడు. జిగురుతో అతికించిన నకలుకు ఆ వీలుండదు, కాబట్టి కొనేటప్పుడే బూటు తిరగేసి అంచు వెంట కుట్టు ఉందో లేదో చూసుకోవాలి.